ఆయప్పే వండుకోనీ

"ఆ పాట తీసేయమని చెప్పు పుల్లమ్మా. ఇంగ వేరే మాట వద్దు," అన్నాడు కుళ్ళాయప్ప.

పుల్లమ్మ వంటింటి గడప దగ్గరే నిలబడిపోయింది. ఆమె తెచ్చిచ్చిన కాఫీ ఆయన పక్కన స్టూలు మీద చల్లారిపోతోంది. తెల్లవారుతూనే వచ్చి కూర్చున్నాడు బావగారు. ఆయన తమ్ముడు, ఆమె భర్త సుంకన్న కిటికీ పక్కన మంచం మీద ఉన్నాడు. ఆ పాట చెవిన పడినప్పటి నుంచి ఆయన ఇంట్లో నోరు విప్పలేదు. పెట్టింది తింటున్నాడు, లేచి పోతున్నాడు, మళ్ళీ వచ్చి అదే కిటికీ పక్కన కూర్చుంటున్నాడు.

"తీసేసేది నా చేతిలో యాడుండాది బావా? అది ఊర్లన్నీ తిరిగిపాయ," అంది పుల్లమ్మ మెల్లగా.

"ఎవరి చేతిలో ఉండాదో నాకు తెలుసు. నీకూ తెలుసు."

హిందూపురంలో ఉన్న అల్లుడి పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకరు. కూతురు వీణ ఆ దానియేలును చేసుకుంటానని చెప్పి వెళ్ళిపోయిన నాడు సుంకన్న ఇక ఆమె పేరు కూడా తన ముందు ఎత్తవద్దన్నాడు. అలా అనిపించింది మాత్రం అన్నే. కులం కాని కులం, దేవుడు కాని దేవుడు అని కుళ్ళాయప్ప ఒక సాయంత్రమంతా చెప్పగా చెప్పగా తమ్ముడు తల ఊపాడు.

అన్నదమ్ములిద్దరూ పెళ్ళి వంటలు చేస్తారు. పెనుకొండ నుంచి ధర్మవరం దాకా వాళ్ళను పిలవని ఇల్లు తక్కువ. మాట్లాడేది, బేరం కుదిర్చేది కుళ్ళాయప్ప. పొయ్యి ముందు నిలబడేది సుంకన్న. అందుకే ఆ పాట అంతగా నవ్వు పుట్టించింది.

ఇదంతా ఒక టీవీ విలేకరితో మొదలైంది. ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక బస్టాండులో రద్దీ ఎలా ఉందో చూపించడానికి అతను పెనుకొండకు వచ్చాడు. బస్సు ఎక్కబోతున్న పుల్లమ్మ ముందు మైకు పెట్టి ఎక్కడికి వెళ్తున్నారని అడిగాడు. యాడికో ఒగాడికి అంది ఆమె. మరి ఇంట్లో మీ ఆయనకు వంట సంగతి అని అడిగాడు. "ఆయప్పే వండుకోనీ. ఊరందరికీ వండుతాడు. ఒగ పూట ఇంటికి వండితే చెయ్యేమన్నా పడిపోతాదా?" అంది. అంత తొందరేమిటని అతను ఇంకా మైకు వదలకపోతే, "నీళ్ళు పోయల్లప్పా, ఎండ ఎక్కక ముందే నీళ్ళు పోయల్ల, వదులు," అని మెట్టెక్కేసింది.

ఆ ముక్క ఫోన్లలో తిరిగింది. ఎవరెవరో దానికి పిచ్చి పిచ్చి బొమ్మలు అతికించి నవ్వుకున్నారు. అప్పుడు దానియేలు అడిగాడు, నేనొక పాట కడతానత్తా, నీకు ఇష్టమైతేనే అని. అతను హిందూపురంలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తాడు. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఆ వారం లోకంలో జరిగినవన్నీ, ఉల్లిగడ్డల ధర, కరెంటు కోత, క్రికెట్టు ఓటమి, ఏదైనా సరే, హాస్యంగా పాట కట్టి శనివారం శనివారం వీడియో పెట్టడం అతనికి సరదా. అతని పాటలు ఆ చుట్టుపక్కల నలుగురికీ తెలుసు. ఈ ఒక్క పాట మాత్రం రాష్ట్రమంతా పాకింది. పెళ్ళిళ్ళలో ఆడపిల్లలు దానికి గంతులేశారు. మొగుళ్ళ చేతికి గరిటె ఇచ్చి రీల్సు తీశారు. చివర 'నీళ్ళు పోయల్ల' అని వచ్చే చోట ఎవరో ఒకరి నెత్తిన చెంబు బోర్లించడం అలవాటైపోయింది.

"నిన్న ధర్మవరం పోయింటి," అన్నాడు కుళ్ళాయప్ప. "చంద్రప్ప ఇంట్లో పెళ్ళి ఆదివారం. పట్టుచీరల వ్యాపారి, మర్యాదస్తుడు. నేను సాంబారు సంగతి మాట్లాడతాంటే లోపల ఆడోళ్ళంతా మూతులు మూసుకోని నగుతాండారు. 'ఆయప్ప' వస్తాండాడు గదా అని అడుగుతాండారు. పొయ్యి ముందర నీ మొగుడిని నిలబెట్టి వీడియో తీస్తారంట. మన బతుకు ఇట్ల అయ్యింది."

పుల్లమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది.

కుళ్ళాయప్ప గొంతు తగ్గించాడు. "ఇంట్లో మీ అక్క కూడా అట్లే తయారైంది. నిన్న సంగటి పెట్టమంటే ఆ పాట ఎత్తుకునె."

పుల్లమ్మ చప్పున ముఖం వంటింటి వైపు తిప్పుకుంది. తోడికోడలు యల్లక్క జీవితంలో ఏనాడూ పాట పాడి ఎరగదు. కిటికీ దగ్గర సుంకన్న దగ్గాడు. అది దగ్గో, మరొకటో పుల్లమ్మకు తెలియలేదు.

"ఇంగొగటి," అన్నాడు కుళ్ళాయప్ప లేస్తూ. "ఆ వీడియోలో నీ వెనకాల బస్సుండాది. బోర్డు మీద హిందూపురం అని ఉండాది. యాడికో ఒగాడికి కాదు. మేమంతా గుడ్డోళ్ళమా?"

"పోతాండా బావా," అంది పుల్లమ్మ. "దాచేదేముండాది. వారం వారం పోతాండా."

కుళ్ళాయప్ప తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు అరుస్తాడనుకున్నాడు. సుంకన్న గోడమీది క్యాలెండరు వైపు చూస్తున్నాడు. ఆదివారం పెందలాడే బండి తెస్తానని, గరిటెలు సర్దుకొని సిద్ధంగా ఉండమని కుళ్ళాయప్ప చెప్పాడు. ఆలోగా ఆ పాట పోవాలని, ఈమె మళ్ళీ ఆ బస్సు ఎక్కకూడదని, ఎక్కితే అన్నదమ్ముల మధ్య కూడా లెక్క వేరేగా ఉంటుందని అన్నాడు. కాఫీ ముట్టుకోకుండానే చెప్పులేసుకున్నాడు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా పుల్లమ్మ కదల్లేదు. తర్వాత గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళబోయింది.

"పాట పెట్టు," అన్నాడు సుంకన్న.

ఇన్నాళ్ళ తర్వాత విన్న గొంతు. పుల్లమ్మకు సరిగ్గా అర్థం కాక వెనక్కి తిరిగింది.

"నీ ఫోన్లో ఉంటాది గదా. పెట్టు."

చెయ్యి తుడుచుకుని ఆమె ఫోను తెచ్చింది. ముందు కీబోర్డు మీద పెళ్ళి బ్యాండు లాంటి మోత. దానియేలు గొంతు ఆ వారం వార్తలు చదువుతున్నట్టు పాడుతుంది. బస్సంతా అక్కచెల్లెళ్ళేనని, టికెట్టు కొన్న మగవాడు ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నాడని, ఇంటికి పోతే పొయ్యి మీద పిల్లి పడుకుని ఉందని. అక్కడ పుల్లమ్మ గొంతు వస్తుంది. ఆయప్పే వండుకోనీ. దాని వెనక ఆడపిల్లల కోరస్సు. మళ్ళీ ఆయప్పే వండుకోనీ. చివరకు వాయిద్యాలన్నీ ఆగిపోయి, ఆమె గొంతు ఒక్కటే, నీళ్ళు పోయల్ల.

సుంకన్న తల వంచుకుని విన్నాడు. అయిపోయాక మళ్ళీ పెట్టమన్నాడు. ఆమె మళ్ళీ పెట్టింది. తిడతాడేమోనని ఎదురుచూస్తూ గోడకు ఆనుకుని నిలబడింది.

"టీ అంగట్లో ఇన్నా ఇది మొదట," అన్నాడాయన. "అందరూ నగినారు. నేనూ నగినా. నీ గొంతని ఎరుకైంది తర్వాత." ఫోను వైపు చెయ్యి చూపించాడు. "కడాకు నీళ్ళు పోయల్ల అంటాండావే. ఎవరికి?"

పుల్లమ్మ ఫోను కొంగుతో తుడిచింది.

"చెట్లకు సాయంత్రం పోసినా నడుస్తాది. ఎండ ఎక్కక ముందే అన్నావు. ఆ మాట నువ్వు ఈ వీధిలో ఎంతమంది బాలింతల ఇండ్లకు పోతా అన్నావో నాకు ఎరుకలే. గొంతు కూడా అదే." ఆయన తల ఎత్తి మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "ఎన్ని నెలల బిడ్డ?"

పుల్లమ్మ ఉన్నచోటే నేల మీద కూర్చుంది. ఇన్ని రోజులూ ఈయన మూగబోయింది అవమానంతో అనుకుంది. ఇల్లంతా అదే అనుకుంది. రాష్ట్రమంతా నవ్వుకున్న ఆ పాటలో ఈ మనిషి ఒక్కడు వేరే మాట విన్నాడు.

"మూడో నెల," అంది. "ఆడబిడ్డ."

వీధిలో కూరగాయల బండి వాడు మైకులో ధరలు చెప్పుకుంటూ పోయాడు.

"లోకానికంతా చెప్పినావు. నాకు చెప్పకపోతివి," అన్నాడు సుంకన్న.

"ఎట్ల చెప్పల్ల? పేరెత్తొద్దంటివి. తల్లి పేరు ఎత్తకుండా బిడ్డ పుట్టిందని ఎట్ల చెప్పల్ల?"

"ఒగ మాట..."

"కాన్పు నాడు దానియేలు ఫోన్ చేసినాడు. నువ్వు ఆడ మంచం మీదే ఉండావు. ఎవరు అన్నావు. రాంగ్ నంబరు అన్నా. అట్ల అంటి గదా అని ఆ పొద్దంతా ఏడిస్తి. నువ్వు చూడకపోతివి."

సుంకన్న పెదవులు కోపంగా ఏదో అనబోయి మానుకున్నట్టు కదిలాయి. పుల్లమ్మ కూడా అక్కడితో ఆపలేకపోయింది. బస్సు ఉచితం కాకపోతే ఛార్జీకి ఆయనను అడగాల్సి వచ్చేదని, అడిగితే ఎక్కడికని చెప్పాల్సి వచ్చేదని, అందుకే బస్సు ఎక్కినప్పుడల్లా కండక్టరు ఇచ్చిన ఆ ఉచిత టికెట్టు ముక్క కళ్ళకద్దుకున్నానని చెప్పింది. వీణ అత్త ఎప్పుడో పోయింది. పసిబిడ్డకు తలకు పోసే పెద్దదిక్కు ఆ ఇంట్లో లేదు. శుక్రవారం వెళ్ళి తలకు పోసి, సాంబ్రాణి వేసి, పొద్దుగూకే లోపల వచ్చేస్తున్నానంది. ఇక అల్లుడి మీద కోపం వద్దని, అతను ఒక్క మాటైనా తనను అడగకుండా పాటలో పెట్టలేదని చెప్పింది.

"ఆ పాట ఇని నేను కండ్లలో నీళ్ళు వచ్చేదాకా నగినా. వీణ పోయినాక మళ్ళీ అంత నగిందే లేదు. అందుకే పెట్టుకోపో నాయనా అంటి. నీకు నగుబాటు చేయల్లని కాదు."

సుంకన్న చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. నూనె చిట్లి కాలిన మచ్చలు ఆ చేతుల నిండా ఉన్నాయి.

"ఆ పాట రాకపోయుంటే నాకు ఎప్పుడు తెలిసేది?" అన్నాడు చివరకు. అది ఆమెను అడిగినట్టు లేదు.

పుల్లమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఈ పొద్దు శుక్రవారమే గదా," అన్నాడు.

"ఔను. బావ ఇట్ల అనిపాయనే, ఎట్లనో అని ఊరికే ఉండిపోతి."

ఆయన లేచి చొక్కా అందుకున్నాడు. "పా. ఎండెక్కుతాది."

*

బస్సు నిండా ఆడవాళ్ళే. గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పనికి వెళ్ళే అమ్మాయిలు, పూల బుట్టలవాళ్ళు, చంటిపిల్లల తల్లులు. పుల్లమ్మకు ఎవరో కాస్త జరిగి చోటిచ్చారు. సుంకన్న టికెట్టు కొని, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. సోమందేపల్లి దాటేదాకా ఏమీ జరగలేదు.

తర్వాత ముందు సీటులోని అమ్మాయి వెనక్కి తిరిగింది. పుల్లమ్మ పక్కనున్నావిడతో కాస్త కిటికీ తెరువమ్మా అని అన్న మాట ఆ అమ్మాయి చెవిన పడినట్టుంది. ఫోను తీసి చూసింది, ముఖం చూసింది. అది నువ్వేనా అత్తా అని అడిగింది. పుల్లమ్మ కాదనలేదు. మాట ఒక సీటు నుంచి మరో సీటుకు పాకింది. నవ్వులు మొదలయ్యాయి. ఎవరో పాట పెట్టేశారు. ఆయప్పే వండుకోనీ అని బస్సంతా అందుకుంది.

పుల్లమ్మ భయంగా భర్త వైపు చూసింది. ఆ చూపును పట్టుకుని అందరి చూపులూ ఆయన మీదికి తిరిగాయి. ఆయప్ప ఈయనే అని గ్రహించి పాట తగ్గిపోయింది. సుంకన్న కడ్డీ పట్టుకున్న చెయ్యి బిగించి బయటికి చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఒక పూలావిడ బుట్ట ఒళ్ళో పెట్టుకుని తన పక్కన చోటు చేసింది. "కూర్చో అన్నా. మమ్మల్ని తప్పుగా అనుకోవద్దు," అంది.

ఆయన వద్దన్నాడు. ఆవిడ వదల్లేదు. చివరకు ఒక అంచున కూర్చున్నాడు.

"మా ఇంటాయన పెండ్లయినాక పొయ్యి కాడికి వచ్చిందే లేదు," అంది ఆవిడ. "ఈ పాట వచ్చినాక నగులాటకు మొదలుపెట్టినాడు. ఇప్పుడు పొద్దున్నే నేను పూలు కట్టుకుంటాంటే ఉప్మా చేసి పెడతాండాడు. బాగుండదు. అయినా తింటాండా. ఇన్నేండ్లకు ఎవరో ఒగరు వండింది కూర్చోని తింటాండా అన్నా. మీ ఇద్దరూ చల్లగా ఉండల్ల."

ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి కూడా ఫోను ఒళ్ళో పెట్టేసుకుంది. బస్సు ఒక ఊరు దాటింది.

"ముద్దగా వస్తాండాదా?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఏంది?"

"ఉప్మా."

"ఔను, జిగటగా."

"రవ్వ సరిగ్గా యేంచుకోకుండా పోస్తాండాడు. ఎర్రగా యేంచమని చెప్పు. నీళ్ళు కూడా తగ్గించమను."

ఆవిడ తల ఊపింది. దిగేటప్పుడు బుట్టలోంచి మూర కనకాంబరాలు తెంపి పుల్లమ్మ చేతిలో పెట్టింది. దుడ్లు ఇవ్వబోతే తీసుకోలేదు. పుల్లమ్మ ఆ పూలు తలలో పెట్టుకుంటూ భర్త వైపు చూసింది. ఆయన చెవుల ఎరుపు తగ్గింది.

*

హిందూపురంలో దానియేలు వాళ్ళది మేడ మీద అద్దె ఇల్లు. మెట్లు ఎక్కుతుంటే కీబోర్డు చప్పుడు వినబడింది. ఒకే ముక్కను పదే పదే వాయిస్తున్నాడెవరో. పుల్లమ్మ తలుపు తట్టగానే ఆగిపోయింది.

తలుపు తీసిన దానియేలు అత్త వెనక నిలబడ్డ మనిషిని చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. పెళ్ళికి ముందు ఒకసారి పెనుకొండ వీధిలో ఎదురుపడ్డారు ఇద్దరూ. అప్పుడు సుంకన్న రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళిపోయాడు.

"మామా, నేను తీసేస్తా," అన్నాడు దానియేలు. "మీ అన్న మనుషులు ఫోన్ చేసినారు. మీకు తలవంపులు చేయల్లని కాదు. ఇప్పుడే తీసేస్తా." ఫోను అప్పటికే చేతిలోకి తీసుకున్నాడు.

"తీసేయొద్దు," అన్నాడు సుంకన్న.

దానియేలు వేలు అలాగే నిలిచిపోయింది.

"ఉండనీ. తీసేయొద్దు. దాని వల్లే వచ్చినా."

లోపలి గది గుమ్మంలో వీణ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. భుజం మీద బిడ్డ నిద్రపోతోంది. నాయన కంటే ముందు ఆమె కళ్ళు అమ్మ మీద పడ్డాయి, ఇది ఎలా జరిగిందని అడుగుతున్నట్టు. తర్వాత నాయనను చూసింది. రమ్మనలేదు. కూర్చోమని కూడా అనలేదు.

"పెద్దనాయన పంపినాడా?"

"లేదు."

"ఆయనకు తెలుసా, ఈడికి వచ్చింది?"

సుంకన్న లేదన్నట్టు తల ఊపాడు. వీణ ఇంకేమీ అడగలేదు. బిడ్డను అమ్మ చేతికిచ్చి, నీళ్ళు కాగినాయేమో చూస్తానని వెళ్ళిపోయింది. దానియేలు కుర్చీ తుడిచి వేశాడు. సుంకన్న కూర్చోలేదు. గోడ మీద సిలువ, దాని కింద కీబోర్డు, పక్కన ఒక చిన్న ఉయ్యాల. ఎక్కడ చూడాలో తెలియక ఆయన ఉయ్యాల వైపు చూశాడు.

వెనక సందులో పుల్లమ్మ పీట వేసుకుని కాళ్ళు చాచింది. బిడ్డను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి ఆముదం రాసింది. చెయ్యి అడ్డం పెట్టి గోరువెచ్చని నీళ్ళు పోస్తుంటే బిడ్డ కాసేపు ఏడ్చి, తర్వాత ఆ వేడికి సుఖపడి ఊరుకుంది. పుల్లమ్మ నోట ఏవేవో మాటలు వస్తున్నాయి, అర్థం లేనివి, ముద్దువి. సుంకన్న వచ్చి తలుపు చెక్కకు చేరబడి చూస్తున్నాడు. ఇదే చేతులతో ఇదే మాటలతో వీణకు నీళ్ళు పోసిన రోజుల్లో ఆయన ఏ ఊరి పెళ్ళిలోనో ఉండేవాడు. ఇది చూడటం ఆయనకు ఇదే మొదలు.

తువ్వాలు పట్టుకుని వీణ పక్కకొచ్చి నిలబడింది.

"పాట కడాకు వచ్చే నీళ్ళ మాట తీసేద్దామన్నాడు ఈయన," అంది, నాయన వైపు చూడకుండా. "పాటకు అతకడం లేదు, నగు రాదు అన్నాడు. నేనే ఉంచమన్నా."

సుంకన్న కూతురి వైపు తిరిగాడు.

"అందరూ నగుకుంటారులే, ఒగ మనిషి ఇంటే చాలు అనుకున్నా," అంది వీణ. "ఇన్నావు."

ఆయన చెయ్యి కూతురి తల మీదికి లేచి, మధ్యలోనే ఆగిపోయింది. వీణ ఒక అడుగు దగ్గరికి జరిగింది. ఆ చెయ్యి ఆమె తల మీద పడింది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. పుల్లమ్మ చూడనట్టు బిడ్డ చెవుల వెనక తడి తుడుస్తూ ఉండిపోయింది. మనసులో మాత్రం ఆ విలేకరికి, ఆ బస్సుకు, పేరు తెలియని కోరస్సు పిల్లలకు, పిచ్చి గంతులు వేసిన ప్రతి ఒక్కరికీ దండం పెట్టుకుంది.

సాంబ్రాణి పొగ చూపించి, పొడి గుడ్డలో చుట్టిన బిడ్డను వీణే తెచ్చి నాయన చేతుల్లో పెట్టింది. సుంకన్న కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. వందల మందికి సరిపడే అన్నం గుండిగను దించే మనిషి, ఆ పసిదాన్ని పట్టుకోవడానికి భయపడ్డాడు. దానియేలు ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"ఏం పేరు?" అని అడిగాడు సుంకన్న.

"ఇంకా పెట్టలేదు మామా. ఆదివారం చర్చిలో పెడతాం."

వీణ అందుకుంది. "నువ్వు రావల్ల అని అడగను నాయనా. చెప్తాండా, అంతే. ప్రార్థన అయినాక ఆడనే భోజనాలు. ఈయన కాలేజీ వాళ్ళు, చర్చి వాళ్ళు, ఈ వీధి వాళ్ళు, అందరూ వస్తారు."

బిడ్డ ఆవులించింది. సుంకన్న దాని ముఖం మీదికి వంగాడు. పుల్లమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. ఆదివారం ధర్మవరంలో చంద్రప్ప ఇంటి పెళ్ళి. పెందలాడే బండి వస్తుంది. ఆ పెళ్ళికి సుంకన్న చెయ్యి లేకపోతే అన్న మాట పోతుంది. ఆ సంగతి కూతురికి తెలియదు. చెప్పాలని నోరు తెరిచి, చెప్పలేకపోయింది.

"ఎవరు వండుతాండారు?" అన్నాడు సుంకన్న.

"యాడ?" అంది వీణ.

"ఆదివారం. ఈడ."

దానియేలు ఇంకా ఎవరితోనూ కుదుర్చుకోలేదన్నాడు. చర్చి వాళ్ళే తలా ఒక చెయ్యి వేస్తామన్నారని, ఏదో పలావు అనుకుంటున్నామని చెప్పాడు. సుంకన్న బిడ్డ నుంచి కళ్ళు తిప్పలేదు. పలావుకు బియ్యం ఏవి తెస్తున్నారని అడిగాడు. దానియేలు చెప్తే, ఆ బియ్యం పనికిరావన్నాడు. వీణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో దానియేలుకు తెలియలేదు.

"పెండ్లి ఉండాదే," అంది పుల్లమ్మ చిన్నగా. "బావ..."

"నాకు తెలుసు."

ఆయన లేచాడు. బిడ్డను జాగ్రత్తగా కూతురి చేతుల్లోకి మార్చాడు. జేబులోంచి తన పాత ఫోను తీసి, మీటలు నొక్కుకుంటూ బయటికి నడిచాడు. మేడ మెట్ల మీద ఆయన నిలబడటం కిటికీలోంచి కనిపిస్తోంది.

"అన్నా, నేను," అన్న మాట వినిపించింది. "హిందూపురంలో ఉండా. వీణ ఇంట్లో. ఆదివారం ఈడనే వండుతా."

అవతల కుళ్ళాయప్ప ఏమంటున్నాడో లోపల ఉన్నవాళ్ళకు వినబడటం లేదు. సుంకన్న ఒకసారి మెట్టు దిగాడు, మళ్ళీ ఎక్కాడు. ఫోను మాత్రం చెవి నుంచి తీయలేదు.